కొండెక్కిన కొలువులు

ఒక సంస్థలో చేరినవారు ఎంత వేగంగా దాన్ని విడిచిపోతున్నారో చెప్పే లెక్కను యాజమాన్య శాస్త్రం ఉద్యోగుల నిష్క్రమణ రేటు అంటుంది. వేతనం, పదోన్నతి, పైఅధికారి తీరు, ఇంటికి ఉండే దూరం వంటి కారణాలు ఆ రేటును పెంచుతాయనీ, వెళ్లిపోయినవారి స్థానంలో కొత్తవారిని తెచ్చి పని నేర్పడంకంటే ఉన్నవారిని నిలుపుకోవడమే చవకనీ ఆ శాస్త్రం చెబుతుంది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ విశాఖ ఔషధ పరిశ్రమలకూ సరిపోయే ఈ కొలబద్ద రంపచోడవరం ఏజెన్సీలో పనిచేయదు. ఇక్కడికి వచ్చిన ప్రభుత్వోద్యోగి రాజీనామా చేయడు. బదిలీ చేయించుకుంటాడు, జీతం ఒక కార్యాలయం పద్దులో ఉంచుకుని పని మరో కార్యాలయంలో చేసే డిప్యుటేషన్ పద్ధతిలో మైదానానికి చేరతాడు, దీర్ఘకాలిక సెలవు పెడతాడు, ఇవేవీ కుదరకపోతే గోకవరంలోనో రాజమహేంద్రవరంలోనో కాపురం ఉంచి, ఉదయం బస్సుకు ఘాట్ ఎక్కి చీకటి పడకముందే దిగిపోతాడు. కాగితం మీద ఆ పోస్టు భర్తీ అయినట్టే ఉంటుంది కాబట్టి నిష్క్రమణ రేటు ఏ నివేదికలోనూ కనిపించదు. ఏజెన్సీలో సిబ్బంది కొరత గురించి దశాబ్దాలుగా జరుగుతున్న చర్చ ఖాళీ పోస్టుల చుట్టూనే తిరగడానికి ఇదొక కారణం. భర్తీ అయ్యీ ఖాళీగా ఉన్న పోస్టులను లెక్కించే గడి ఏ ఫారంలోనూ లేదు.

సిబ్బంది నిలవకపోతే పోయేది పని గంటలు మాత్రమేనని అనుకోవడం పొరపాటు. ఏకోపాధ్యాయ పాఠశాలను, అంటే అన్ని తరగతులకూ ఒక్కరే బోధించే బడిని తీసుకుంటే ఈ నష్టం స్వరూపం స్పష్టపడుతుంది. పోడు చేలో పంట కాపలాకు ఏ కుటుంబాలు ఏ నెలలో గూడెం వదిలి వెళ్తాయి, జీలుగు కల్లు గీసే రోజుల్లో, కొండచీపుళ్లు కోసే రోజుల్లో ఏ ఇంటి పిల్లలు బడి మానతారు, శ్రావణంలో ఏ వాగు పొంగితే అవతలి గూడెం పిల్లలు రాలేరు, ఎవరి మాట వింటే తల్లిదండ్రులు ఆడపిల్లను ఆశ్రమ పాఠశాలకు పంపుతారు అన్న వివరాలు ఏ రిజిస్టరులోనూ ఉండవు. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడికి అవి తెలిసేసరికి ఏడాది గడుస్తుంది, రెండో ఏట అతను బదిలీ దరఖాస్తు సిద్ధం చేసుకుంటాడు. కోయ గూడేల్లో దీనికి భాష తోడవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి కోయ, గోండి, కొలామి, సవర తదితర ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధనకు వాచకాలు తయారుచేసి బహుభాషా విద్యా కార్యక్రమం ప్రారంభించారు. ఆ వాచకం చదివి చెప్పగలిగే వ్యక్తి బడిలో లేని రోజున అది బీరువాలో ఉండిపోతుంది. కొండరెడ్లు తెలుగే మాట్లాడతారు గనుక అక్కడ ఈ ఇబ్బంది ఉండదనుకున్నా, వారి తెలుగుకూ వాచకంలోని తెలుగుకూ మధ్య దూరం తక్కువేమీ కాదు.

ఆరోగ్య సేవల్లో ఈ అజ్ఞానానికి ప్రాణాలతో మూల్యం చెల్లించాల్సి వస్తుంది. 2017లో వై.రామవరం మండలంలోని చాపరాయి అనే కొండరెడ్ల గూడెంలో కొద్ది వారాల వ్యవధిలో 16 మంది మరణించినప్పుడు, ఆ మరణాల సంగతి బయటి ప్రపంచానికి జూన్ చివరిదాకా అందలేదు. కలుషిత నీరా, మలేరియానా, దారి లేకపోవడమా అన్న వాదోపవాదాలు చాలా జరిగాయి. వాటి పక్కనే గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది: ఒక గూడెంలో ఒకరి తర్వాత ఒకరు జ్వరంతో పోతున్నారని గుర్తించడానికి మందులకంటే ముందు, ఆ గూడెంలో సాధారణంగా ఏడాదికి ఎంతమంది పోతారో తెలిసిన మనిషి వ్యవస్థలో ఒకరుండాలి. అటువంటి ఎరుక ఎవరికైనా ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటేనే వస్తుంది.

మన్యంలో బయటి ఉద్యోగి నిలవకపోవడం కొత్త సంగతి కాదు. 1879 నాటి రంప పితూరీని అణచడానికి వచ్చిన పటాలాలను తిరుగుబాటుదారులతో సమానంగా మన్నెం జ్వరమూ దెబ్బతీసింది. తమ ఉద్యోగులు కొండల్లో కాపురం ఉండలేరని గ్రహించిన ఈస్టిండియా కంపెనీ, ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం, శిస్తు వసూలునూ శాంతిభద్రతలనూ ముఠాదారులకు, అంటే కొన్ని గ్రామాల సముదాయంపై హక్కు పొందిన స్థానిక పెద్దలకు అప్పగించి, తాము కింద నుంచి పర్యవేక్షించాయి. ముఠాల రద్దుకు 1969లో నిబంధనావళి వచ్చేవరకు ఆ ఏర్పాటు ఏదో రూపంలో కొనసాగింది. స్వతంత్ర ప్రభుత్వం ముఠాదారును తీసివేసి ఆ స్థానంలో ఉద్యోగిని పెట్టింది గాని, ఆ ఉద్యోగి కొండ మీద ఎక్కడ ఉంటాడు, అతని పిల్లలు ఎక్కడ చదువుతారు అన్న ప్రశ్నలకు పూర్తి సమాధానం వెతకలేదు. తరువాతి కాలంలో నక్సలైట్ల భయం ఒక కారణమైంది. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్.శంకరన్ సహా పలువురు ఐఏఎస్ అధికారులను పీపుల్స్ వార్ అపహరించిన ఉదంతం చాలాకాలం పాటు ఏజెన్సీ పోస్టింగు వద్దనడానికి తిరుగులేని సాకుగా ఉపయోగపడింది. (ఆ అపహరణకు గురైన శంకరన్ మాత్రం గిరిజనుల పని మానలేదన్న సంగతిని ఆ సాకు చెప్పినవారు సాధారణంగా ప్రస్తావించరు.) 2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎన్‌కౌంటర్‌లో మావోయిస్టు అగ్రనేత హిడ్మా మరణించాక ఆ భయం కూడా చాలావరకు చరిత్రలో కలిసిపోతోంది. మలేరియా తగ్గింది, రోడ్లు పెరిగాయి, తుపాకీ నీడ తొలగుతోంది. అయినా సిబ్బంది నిలవడం లేదంటే కారణాలను కొండల్లో కాక నిబంధనల్లో వెతకాలి.

సాధారణ బదిలీలకు ప్రభుత్వం ఎప్పటికప్పుడు ఇచ్చే మార్గదర్శకాల్లో ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలోని ఖాళీలను ముందుగా నింపాలనీ, అక్కడికి వీలైనంతవరకు 50 ఏళ్లలోపు వారినే పంపాలనీ, రెండేళ్లు పనిచేసినవారికి కోరుకున్న చోటు ఇవ్వడంలో ప్రాధాన్యం ఉండాలనీ ఉంటుంది. ఉపాధ్యాయుల బదిలీల్లోనూ రోడ్డు, అద్దె భత్యం వంటి ప్రాతిపదికల మీద ఊళ్లను వర్గాలుగా విభజించి, దూరపు ఊళ్లో పనిచేసిన ప్రతి ఏడాదికీ ఎక్కువ పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లు పోగుచేసుకున్నవారు తర్వాతి కౌన్సెలింగ్‌లో రోడ్డు పక్క బడిని కోరుకోవచ్చు. ఉద్దేశంలో తప్పులేదు, కష్టపడినవారికి న్యాయం చేయాలన్నదే అది. ఫలితం మాత్రం వేరుగా వచ్చింది. కొండ మీద పనిచేసినందుకు దక్కే బహుమతి కొండ దిగడమే అయినప్పుడు, మూడో ఏడూ నాలుగో ఏడూ అక్కడే ఉండిపోయినవాడు పొందేది ఏమీ లేదు. పైగా తోటివారి దృష్టిలో పలుకుబడి లేనివాడిగా మిగులుతాడు. ఈ పద్ధతి నిష్క్రమణను అరికట్టేది కాదు, దానికి కాలపట్టిక వేసి పెట్టేది. దీనికి మరో అలవాటు తోడైంది. మైదానంలో వివాదంలో చిక్కుకున్న ఉద్యోగిని ఏజెన్సీకి వేయడం అన్ని శాఖల్లోనూ తెలిసిన ఆచారమే. ఒక ప్రదేశాన్ని శిక్షగా వాడుకుంటూ అక్కడికి వచ్చినవారు ఇష్టంతో ఉండాలని కోరుకోవడంలోని వైరుధ్యాన్ని ఏ భత్యమూ పూడ్చలేదు.

హాజరు నిఘాతో ఈ లోటును భర్తీ చేయవచ్చన్న నమ్మకం ఇటీవలిది. 2022లో ఉపాధ్యాయులకు ముఖ ఆధారిత హాజరు యాప్ వచ్చింది. సెల్ సిగ్నల్ అందని గూడెంలో దాన్ని ఎలా వాడాలన్న ప్రశ్నను అటుంచినా, యాప్ చెప్పగలిగింది మనిషి ఆ సమయానికి అక్కడ ఉన్నాడనే. అతను ఆ ఊరివాడయ్యాడా లేదా అన్నది దాని పరిధిలోకి రాదు.

ఈ చిక్కుకు ఒకప్పుడు సాహసంతో వెదికిన పరిష్కారం జీవో నంబరు 3. షెడ్యూల్డు ప్రాంతాల్లో చట్టాలు వర్తించే తీరును మార్చడానికి రాజ్యాంగం ఐదో షెడ్యూలు, 5(1) పేరా గవర్నరుకు ప్రత్యేక అధికారం ఇస్తుంది. ఆ అధికారంతోనే 1986లో జీవో 275 ద్వారా ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులను స్థానిక గిరిజనులకు కేటాయించగా, పరిపాలనా ట్రైబ్యునల్ దాన్ని కొట్టివేసింది. 2000 జనవరి 10న మరింత పకడ్బందీగా జీవో 3 వెలువడింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ, అంటే నూటికి నూరు శాతం, స్థానిక గిరిజనులకే దక్కాయి. 1950 జనవరి 26 నుంచి తాము గాని తల్లిదండ్రులు గాని ఆ ప్రాంతంలో నిరంతరాయంగా నివసిస్తున్నవారే స్థానికులన్నది దాని నిర్వచనం. ఇది రిజర్వేషన్ ఉత్తర్వుగానే చరిత్రకెక్కింది గాని, ప్రభుత్వం కోర్టుల ముందు దాన్ని సమర్థించుకున్న ప్రధాన కారణాల్లో ఒకటి గిరిజనేతర ఉపాధ్యాయుల విపరీతమైన గైర్హాజరు. ఆ మేరకు దేశంలో ఇంత పెద్ద ఎత్తున జరిగిన సిబ్బంది నిలుపుదల ప్రయోగాలు అరుదు. ఊరివాడికి ఉద్యోగమిస్తే అతనికి దిగిపోవలసిన మైదానమే ఉండదన్నది దాని తర్కం.

2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో దాన్ని కొట్టివేసింది. నూరు శాతం కోటా సమానావకాశాల సూత్రానికి విరుద్ధమనీ, గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న ఆలోచన ఆమోదయోగ్యం కాదనీ, స్థానిక కోటాలను నిర్దేశించే 371-డి అధికరణ కింది రాష్ట్రపతి ఉత్తర్వులను గవర్నరు నోటిఫికేషన్‌తో తోసిపుచ్చలేరనీ తీర్పు చెప్పింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. సమానత్వ సూత్రంపై తీర్పుతో ఏకీభవించేవారు కూడా ఒక విషయం గమనించాలి. ఉత్తర్వు రద్దయింది గాని, దానికి పురికొల్పిన గైర్హాజరు రద్దు కాలేదు. స్థానిక గిరిజన ఉపాధ్యాయుల్లోనూ సొంత పిల్లల ఇంగ్లీషు మీడియం చదువు కోసం రంపచోడవరానికో రాజమహేంద్రవరానికో కాపురం మార్చినవారు లేకపోలేదు. స్థానికత సర్వరోగ నివారిణి అనడం అతిశయోక్తే. అయినా ఊళ్లో ఉండే మనిషి బడిలో ఎక్కువగా కనిపిస్తాడనడానికి మైదాన అనుభవంలోనూ ఆధారముంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలోని గ్రామీణ పాఠశాలల్లో జరిపిన ప్రయోగాత్మక అధ్యయనంలో, రెగ్యులర్ ఉపాధ్యాయుల గైర్హాజరు 27 శాతం ఉండగా, సాధారణంగా అదే ఊరికి చెందిన కాంట్రాక్టు ఉపాధ్యాయుల గైర్హాజరు 16 శాతమే ఉంది. వారి జీతం రెగ్యులర్ వేతనంలో సుమారు ఐదో వంతు మాత్రమేనన్న సంగతి ఆ అధ్యయనంలోనే ఉంది, దాన్ని విస్మరించకూడదు.

విచిత్రమేమిటంటే, ఏప్రిల్‌లో జీవో 3ను కొట్టివేసిన అదే ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలోనే, నాలుగు నెలల తర్వాత 2020 ఆగస్టు 31న తమిళనాడు వైద్యాధికారుల కేసులో మరో తలుపు తెరిచింది. ప్రభుత్వ సర్వీసులో ఉన్న వైద్యులకు పీజీ సీట్లలో ప్రత్యేక వాటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందనీ, గ్రామీణ, మారుమూల, గిరిజన ప్రాంతాల సేవను అందుకు ప్రాతిపదిక చేసుకోవచ్చనీ ఆ తీర్పు సారాంశం. వైద్య విద్యా నిబంధనల్లో అంతకుముందునుంచే మారుమూల, కష్టతర ప్రాంతాల్లో చేసిన ప్రతి ఏడాది సేవకూ ప్రవేశ పరీక్ష మార్కుల్లో 10 శాతం చొప్పున, గరిష్ఠంగా 30 శాతం వరకు అదనంగా కలిపే వెసులుబాటు ఉంది. రెండు తీర్పులనూ కలిపి చదివితే చట్టం గీసిన గీత అర్థమవుతుంది: పుట్టుక ఆధారంగా పోస్టును పూర్తిగా మూసివేయడం కుదరదు, చేసిన సేవ ఆధారంగా ప్రతిఫలం పెంచడం కుదురుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు 2024లోనూ 2025లోనూ సమ్మె బాట పట్టింది ముఖ్యంగా ఈ ఇన్‌సర్వీస్ పీజీ కోటా కోసమే. మన్యంలో యువ వైద్యుణ్ని కొంతకాలమైనా నిలబెడుతున్న బలమైన ఆకర్షణ ఆ సీటు. సీటు రాగానే అతను వెళ్లిపోతాడన్నది నిజమే; కాని పీజీ పూర్తయ్యాక నిర్ణీత కాలం అదే డివిజన్‌లో నిపుణుడిగా పనిచేయాలన్న షరతును గట్టిగా అమలుచేస్తే, వెళ్లినవాడే మత్తు వైద్యుడిగానో ప్రసూతి నిపుణురాలిగానో తిరిగి రావచ్చు. ప్రసూతి నిపుణురాలు ఉండి మత్తు వైద్యుడు లేని ఆసుపత్రి నుంచి సిజేరియన్ అవసరమైన గర్భిణిని కాకినాడకో రాజమహేంద్రవరానికో పంపక తప్పదు గనుక, నిపుణుల నియామకం జంటలుగా జరగకపోతే ఉన్న ఒక్కరి నైపుణ్యమూ తుప్పుపడుతుంది. పని చేయనివ్వని పోస్టులో సమర్థులు ఎక్కువకాలం ఉండరు.

భత్యం విషయంలో పొరుగు అనుభవం ఒకటి పనికొస్తుంది. చింతూరు సరిహద్దు దాటగానే వచ్చే ఛత్తీస్‌గఢ్‌లో రూరల్ మెడికల్ కోర్ అనే పథకం కింద ఆరోగ్య కేంద్రాలను కష్టాన్ని బట్టి వర్గీకరించి, దుర్గమ ప్రాంతాల్లో పనిచేసేవారికి ఎక్కువ ప్రోత్సాహకం ఇచ్చారు. రంపచోడవరం పట్టణంలో ఉన్న ఉద్యోగినీ మారేడుమిల్లి మీదుగా గుర్తేడు వైపు వెళ్లవలసిన ఉద్యోగినీ ఒకే తూకంలో కొలిచే భత్యం రెండోవారికి అన్యాయం చేస్తుంది. ఏళ్లతో పాటు పెరగని భత్యం ఇద్దరికీ వెళ్లిపొమ్మనే చెబుతుంది. అయితే డబ్బు పాత్రను ఎక్కువ చేసి చూడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మారుమూల ప్రాంతాల్లో ఆరోగ్య సిబ్బంది నిలుపుదలపై 2010లో వెలువరించి, 2021లో సవరించిన సిఫార్సుల్లో గ్రామీణ నేపథ్యం ఉన్నవారిని శిక్షణకు ఎంపిక చేయడానికీ, నివాసం, పిల్లల చదువు వంటి జీవన పరిస్థితులకూ పెద్దపీట వేసింది. ప్రతి గూడెంలో క్వార్టర్ కట్టడం సాధ్యం కాదు, కట్టినవీ పాడుబడ్డాయి. ఉపాధ్యాయులు, ఏఎన్ఎంలు, సచివాలయ సిబ్బంది కలిసి ఉండేలా నాలుగైదు గూడేలకు ఒక చోట నీరు, కరెంటు, సిగ్నల్ ఉన్న నివాస సముదాయం ఏర్పాటు చేయడం సాధ్యమే. ఒంటరిగా ఉండవలసి వస్తుందన్న భయమే మహిళా ఉద్యోగులను ఉదయం బస్సు మీద ఆధారపడేలా చేస్తోంది.

ఇంతకంటే పెద్ద వైచిత్రి మరొకటుంది. ఏజెన్సీలో నిలవనివారు శాశ్వతోద్యోగులు, నిలిచినవారు తాత్కాలికులు. ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీలుగా పిలిచే కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లలో ఏళ్ల తరబడి అక్కడే ఉండి, పిల్లల జ్వరాలనూ ఇంటి బెంగలనూ చూసుకుంటూ పనిచేస్తున్నవారు చాలామంది. ఆశా కార్యకర్త ఆ గూడెం కోడలే కాబట్టి ఆమెకు బదిలీ లేదు. ఆమెకు దక్కేది 2019లో నెలకు రూ.10 వేలకు పెంచిన గౌరవ వేతనం. నిలకడ కోసం ప్రభుత్వం వెతుకుతున్న గుణం ఎవరిలో ఉందో వారికి హోదా లేదు, హోదా ఉన్నవారిలో ఆ గుణం పెరగడానికి నిబంధనలు ఒప్పుకోవు. యాజమాన్య శాస్త్రంలోని ఏ పాఠ్యపుస్తకమైనా మొదటి అధ్యాయంలోనే చెప్పే మాటను, అంటే నిలిచినవారికి ఎదుగుదల చూపాలన్న మాటను, ఈ విషయంలో తలకిందులుగా పాటిస్తున్నారు.

రంపచోడవరం కేంద్రంగా 2025 చివర్లో ఏర్పడిన పోలవరం జిల్లా ఈ చర్చకు కొత్త మలుపు ఇస్తోంది. సుమారు మూడున్నర లక్షల జనాభాతో, రంపచోడవరం, చింతూరు డివిజన్లతో ఏర్పడిన ఈ జిల్లాకు కలెక్టరేటూ శాఖల జిల్లా కార్యాలయాలూ వస్తాయి. వాటిలోకి మరో విడత ఉద్యోగులు మైదానం నుంచి రావాలి. భవనాలకంటే ముఖ్యమైన నిర్ణయం ఒకటి మిగిలి ఉంది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కింది స్థాయి పోస్టులకు జిల్లాయే స్థానిక క్యాడర్, అంటే నియామకాలూ బదిలీలూ ఆ జిల్లా లోపలే జరిగే యూనిట్. అందులో 80 శాతం పోస్టులు స్థానికులవి. అయితే ఆ జిల్లాలంటే ఇంతకాలం పాత ఉమ్మడి జిల్లాలే. రాష్ట్రవ్యాప్తంగా 16,347 పోస్టులతో 2025లో వచ్చిన మెగా డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) కూడా ఇక్కడ పాత తూర్పుగోదావరి యూనిట్‌గానే జరిగింది కాబట్టి, అడ్డతీగల అభ్యర్థి కాకినాడలోనూ రాజమహేంద్రవరంలోనూ కోచింగ్ తీసుకున్నవారితో పోటీపడాల్సి వచ్చింది. ఏజెన్సీలో ప్రత్యేక డీఎస్సీ కోసం ఆందోళనలు, బంద్‌లు జరగడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. కొత్త జిల్లాను రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ప్రత్యేక యూనిట్‌గా గుర్తిస్తే, దాదాపు జిల్లా అంతా కొండే గనుక, స్థానిక కోటా దానంతటదే కొండవారికి చేరుతుంది. బదిలీ కోరినవారికీ జిల్లా దాటే దారి సాధారణంగా ఉండదు. జీవో 3ను కొట్టివేసిన తీర్పు ఏ 371-డిని ఆధారం చేసుకుందో ఆ అధికరణ మీదే ఈ మార్గం నిలుస్తుంది. ఇది తెగ ఆధారంగా ఇచ్చే కోటా కాదు గనుక రాజవొమ్మంగి, అడ్డతీగల ప్రాంతాల్లోని గిరిజనేతరులకూ ఇందులో భాగం ఉంటుంది, ఆ మేరకు గిరిజన సంఘాలకు ఇది పూర్తిగా రుచించకపోవచ్చు. కోయ మాట్లాడగలిగిన అభ్యర్థికి కోయ గూడేల బడుల్లో ప్రాధాన్యమివ్వడం, ఏజెన్సీలో చేసిన కాంట్రాక్టు సేవకు ఎంపికలో ఏడాదికి ఇన్ని మార్కులని వెయిటేజీ కలపడం ద్వారా ఆ లోటును కొంత సరిదిద్దవచ్చు.

యూనిట్ విషయం తేలకముందే కొత్త కార్యాలయాలను డిప్యుటేషన్లతో నింపితే, ఆ వచ్చినవారి సర్వీసు పాత జిల్లాల్లోనే ఉండిపోతుంది. తిరిగి వెళ్లడానికి వారికి హక్కు ఉంటుంది, పోస్టు మాత్రం భర్తీ అయినట్టు నమోదవుతుంది. పన్నెండేళ్లో పదిహేనేళ్లో ఆశ్రమ పాఠశాలలో గడిపిన సీఆర్టీ, తర్వాతి నోటిఫికేషన్‌కు మళ్లీ కొత్త అభ్యర్థిగానే దరఖాస్తు చేసుకుంటాడు.